అనుపునకు ఇంగ్లీషు మాట

తూర్పు కనుమలలో పుట్టి, అనకాపల్లిని ఒరసికొని ప్రవహించి, బంగాళాఖాతమున గలియు శారదానది ఒడ్డుననైనను, మన కోస్తాలో మరి యే నది ఒడ్డుననైనను, కార్తికమాసము ముగిసిన మరునాటి తెల్లవారుజామున నిలిచి చూచువారికి, అరటిదొప్పలలో నేతివత్తులు వెలిగించి నీటిపై విడుచు స్త్రీలు కనబడుదురు. పంచాంగమున కది మార్గశిర శుద్ధ పాడ్యమి. ఆ స్త్రీలకు పోలిపాడ్యమి. అత్త తక్కిన కోడండ్రను వెంటబెట్టుకొని నదీస్నానమునకు పోగా, ఇంట మిగిలిన కడగొట్టు కోడలు పోలి, పెరటి చెట్టున రాలిన ప్రత్తితో వత్తి చేసి, కవ్వమున కంటిన వెన్న పూసి దీపము పెట్టి, అది యెవరి కంటను బడకుండ పైన చాకలిబాన బోర్లించి దాచెననియు, అట్టి పోలి బొందితో స్వర్గమున కేగెననియు కథ. ఈ పండుగను గూర్చి ఇంగ్లీషులో నాలుగు వాక్యములు వ్రాయుమన్నచో మన బడిపిల్లవాడు 'ఫ్లోటింగ్ లాంప్స్' అని వ్రాసి ఊరకుండును. ఆ మాటలలో నీరు కలదు, దీపము కలదు; పోలి లేదు.

ఈ లోపము పిల్లవానిది కాదు. మన నీటి పండుగలకు ఇంగ్లీషు పేళ్లు ఏర్పడిన కాలమున, ఆ పేళ్లు కావలసినవారు నీటిలో దిగినవారు కారు, గట్టున నిలిచి చూచినవారు. కాంబెల్ దొర 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో నిఘంటువును వెలువరించెను. బ్రౌను దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చెను. శిథిలమగుచున్న తాళపత్రములను వెదకించి, పండితులకు జీతములిచ్చి పరిష్కరింపజేసిన బ్రౌనునకు తెలుగుజాతి పడిన ఋణము చిన్నది కాదు. అయినను శిస్తు వసూలు చేయవలసిన కలెక్టరులకును, వ్యాజ్యములు విచారింపవలసిన జడ్జీలకును కావలసినది మాట యొక్క అర్థమే గాని, దాని వెనుకనున్న వ్రతకథ కాదు. కార్మైకేలు 1869లో వ్రాసిన విశాఖపట్టణ మండల మాన్యువలు, ఫ్రాన్సిసు 1907లో కూర్చిన గెజెటీరు మొదలగునవి కూడ పరిపాలన కొరకు పుట్టిన గ్రంథములే.

అట్టి వ్రాతకోతలలోనే, మద్రాసు రాజధాని యంతటను, రథోత్సవము 'కార్ ఫెస్టివల్' అయినది; తెప్పోత్సవము 'ఫ్లోట్ ఫెస్టివల్' అయినది; పుష్కరము 'బేదింగ్ ఫెస్టివల్' అయినది. వీనిలో మొదటిదానిని తప్పుపట్టరాదు. మోటారుబండి పుట్టకమునుపే 'కార్' అనునది రథమను అర్థమున ఇంగ్లీషు కవులు వాడిన ప్రాచీన పదము. నేటి పిల్లవాని కది వేరొక బండిని స్ఫురింపజేయుట కాలము తెచ్చిన మార్పు. తెప్ప సంగతి వేరు. తెప్ప యనగా మన జాలరులు దుంగలు జతచేర్చి కట్టుకొని సముద్రముపై పోవు సాధనము. ఆ కష్టజీవి వాహనము మీదికే దేవుడు దిగివచ్చి విహరించుట తెప్పోత్సవము. తిరుమలలో ఫాల్గుణ పౌర్ణమికి ముగియునట్లు అయిదు దినములు స్వామిపుష్కరిణిలోను, సింహాచలము దిగువ వరాహపుష్కరిణిలోను, ముక్కోటికి ముందునాడు భద్రాచలమున గోదావరిపై హంసవాహనమునను జరుగు ఈ విహారమును 'ఫ్లోట్' అని చెప్పినప్పుడు తేలుట మాత్రము తెలియును; ఎవరి తెప్ప మీద తేలుచున్నాడో తెలియదు.

పుష్కరమునకు జరిగిన నష్టము ఇంకను పెద్దది. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినపుడు గోదావరికి, కన్యారాశిలో ప్రవేశించినపుడు కృష్ణకు, ఇట్లు పండ్రెండు రాశులను బట్టి పండ్రెండు నదులకు పండ్రెండేండ్ల కొకమారు వచ్చు ఈ పర్వములో గ్రహగతి కలదు, పితృతర్పణము కలదు. 'బేదింగ్' అను మాట వీనిని విడిచి ఒడలు తడియుటను మాత్రము పట్టుకొన్నది. 1866లో కాన్‌స్టాంటినోపిలులో కూడిన అంతర్జాతీయ ఆరోగ్య సభ కలరా వ్యాప్తికి యాత్రలను ఒక ముఖ్యకారణముగా ఎంచినది. మరుసటి యేట హరిద్వార కుంభమేళానంతరము ఆ జాడ్యము ఉత్తరదేశమున విజృంభించినది. నాటినుండి దొరతనమువారి కాగితములలో స్నానయాత్ర యనగా జనసమ్మర్దము, పారిశుధ్యము, రోగభయము. ఆ భయము నిష్కారణమైనది కాదు గాని, దానితోపాటు వచ్చిన చూపు మాటలో నిలిచిపోయినది.

ఒక్క మాట మాత్రము ఎదురుదారి పట్టినది. సంస్కృత 'ఘట్ట' శబ్దమునుండి దేశభాషలలో పుట్టిన 'ఘాట్'ను ఇంగ్లీషువారు అట్లే గ్రహించిరి. యూలు, బర్నెలు 1886లో ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ కోశములో దీనికి రేవనియు, కొండదారియనియు, ఆ దారులుగల పర్వతపంక్తియనియు అర్థములు కలవు. కావున ఇంగ్లీషులో చెప్పినచో మన శారద ఘాట్సులో పుట్టి ఘాట్లను తాకుచు పోవుచున్నది! కొండను, స్నానపు రేవును ఒకే మాటతో ముడివేసిన ఈ యదృష్టము నాకు మిక్కిలి ప్రియమైనది.

ఇక దొరల దేశమునుండి వచ్చిన జలసంస్కారము తెలుగులో ఏమైనదో చూడుడు. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారు క్రాను, డెగ్రాంజి అచటనే తెలుగు నేర్చి సువార్తల అనువాదము ఆరంభించిరి. ఇద్దరును అయిదారేండ్లలోనే కన్నుమూసిరి. వారి శ్రమఫలము 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. తెలుగు బైబిలులో గ్రీకు మూలపు మాట 'బాప్తిస్మము'గా నిలిచినది. కథోలికులు దానినే 'జ్ఞానస్నానము' అనిరి. ఒకరు మాటను కాపాడిరి, ఒకరు భావమును కాపాడిరి. ఇరువురిలో నెవ్వరును దానిని వట్టి స్నానముగా విడువలేదు. మన పుష్కరమునకు ఇంగ్లీషున ఆపాటి గౌరవమైనను దక్కలేదే యని నా బాధ.

బిమిలి, విశాఖ, కాకినాడ రేవులలో స్టీమరెక్కి కూలికై రంగము (రంగూను) పోయిన మనవారు, ఏప్రిలు నడుమ ఒకరిపై నొకరు నీరు చల్లుకొను బర్మావారి తింజానును కన్నులార చూచిరి. ఇంగ్లీషులో అది 'వాటర్ ఫెస్టివల్'. కాని తింజాను గాని, థాయిలాండువారి సాంగ్‌క్రాను గాని మన 'సంక్రాంతి' శబ్దమునకు రూపాంతరములే. 2023 డిసెంబరులో యునెస్కో వారసత్వపట్టికలో చేరినప్పుడు సాంగ్‌క్రాను తన పేరుతోనే చేరినది; 2017లో కుంభమేళా కూడ అట్లే చేరినది. ఆ రీతినే మన ఉపాధ్యాయులును 'పోలిపాడ్యమి' అని ఇంగ్లీషు వాక్యములో నిస్సంకోచముగా వ్రాయించి, ఆ వెంటనే పోలి కథను ఇంగ్లీషులో చెప్పింపవలెనని నేను గట్టిగా కోరుచున్నాను. కవ్వము, వెన్న, వత్తి, బాన, కోడలు, ఈర్ష్య అను వానికి ఇంగ్లీషు మాటలు వెదకుటలో పిల్లవాడు నేర్చు భాష, రెండు మాటల అనువాదమున నేర్చుదానికంటె నెన్నియో రెట్లు అధికము.

మా ఉత్తరాంధ్రమున గౌరమ్మ పూజలు ముగిసి, మట్టితో చేసిన అమ్మవారిని మేళతాళములతో ఊరేగించి నీటిలో విడుచుటను 'అనుపు' అందురు. దీనికి ఇంగ్లీషులో 'ఇమ్మర్షన్' అని వాడుక. బట్టను రంగునీటిలో ముంచినను ఇమ్మర్షనే. అనుపు అట్లు కాదు. పసుపు కుంకుమలిచ్చి ఆడపడుచును అత్తవారింటికి సాగనంపువారి నోటి మాట యది. సాగనంపిన పిల్ల మరల పండుగకు పుట్టింటికి రాకపోదు గదా. చెరువుగట్టుననుండి వట్టి పీటతో తిరిగివచ్చు ముత్తైదువలు మాటలాడుకొనునది మరుసటి యేటి గౌరమ్మను గూర్చియే.