అసలు పోయినా నకళ్లున్నయ్

కూసో బిడ్డా. ఆ ఫోను జర పక్కన పెట్టు. మొద్దు ఇప్పుడిప్పుడే అంటుకుంటున్నది, నాకు నిద్ర రాదు, నీకు రేపు కాలేజీ లేదు. చెప్పేటోనికి వినేటోడు లోకువ అంటరు, ఇయ్యాల ఆ వంతు నీది. పొద్దుగాల అడిగినవు గదా, "తాతా, బైబిలు ఎన్నోసార్లు మార్చిండ్రట, ఎవరో రాజు తనకు నచ్చినట్టు రాయించిండట, నిజమేనా?" అని. నాకు కోపం రాలే. అడగకుంట తల ఊపేటోనికంటే అడిగేటోడే నయం. కాకపోతే ఇది ఒక్క ముక్కల తేలేది కాదు.

మా చిన్నతనంల చేవెళ్ల కెల్లి పట్నం పోవుడంటే దినమంతా పని. రోడ్డుకు రెండు దిక్కుల మర్రిచెట్లు, ఆ నీడనే బండ్లు నడిచేటియి. మొయినాబాద్ కాడ ఎడ్లనిప్పి, నీళ్లు తాపి, సద్ది మూట ఇప్పేటోళ్లం. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తొక్కు. ఎవరన్నా తొవ్వల పోతుంటే పిలిచి ఒక రొట్టె చేతిల పెట్టనిదే మా అమ్మ ముద్ద ముట్టేది కాదు. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తమంటే ఆ మర్రిచెట్లను బతికించుకోవాలని గ్రీన్ ట్రిబ్యునల్ దాక పోయిండ్రు, మంచి పని చేసిండ్రు. ఇగో, ముచ్చట ఏడికో పోయింది. బైబిలు కాడికే వస్త.

మా దిక్కు మెథడిస్టు సంఘాలు ఎక్కువ. చెప్పులు బయట ఇడిచి, ఆడోళ్లు ఒక దిక్కు, మొగోళ్లు ఒక దిక్కు చాపల మీద కూసునేది. కందిలి ఒక్కటే. చదువొచ్చినోడు దాని కాడ కూసోని చదివితే అందరూ వినేది. నిజాం సర్కారుల కచ్చేరీ ఉర్దూ, పెద్ద చదువు ఉర్దూ. మా వాడకట్టుల చాలామందికి తెలుగక్షరం వాక్యం చదువంగ చదువంగనే వచ్చింది. పుస్తకం కొనుడు మాత్రం మాటలు కాదు. మన రాజ్యంల నడిచేది హాలీ సిక్కా, మద్రాసు దిక్కు కెల్లి వచ్చే పుస్తకానికి ధర ఇంగ్లీషోళ్ల కల్దార్ల. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు. కూలోనికి బైబిలంత కొనే తాహతు ఏడిది? ఒక్క సువార్త ఉన్న సన్న పుస్తకం కొనుక్కొని, బట్టల చుట్టి దూలం సందుల పెట్టుకునేటోళ్లు.

నువ్విన్న మాట ఏడ పుట్టిందో సగం నాకు తెలుసు. మా నాయన పుస్తకం, నా పుస్తకం మాటమాటకు కలువయి. దాన్ని చూసి "మార్చిండ్రు" అంటరు. మారింది తెలుగు బిడ్డా. షుల్జ్ అనే జర్మన్ పాదిరి మద్రాసుల కూసోని 1732 నాటికి బైబిలు తెలుగు చేసిండు, అది అచ్చుకే ఎక్కలే. విశాఖపట్నంల దెగ్రాంజ్ అనే పాదిరి, ఆనందరాయరు అనేటాయన సాయంతోని చేసిన సువార్తలు 1812ల శ్రీరాంపురంల అచ్చయినయ్. 1818ల కొత్త నిబంధన వచ్చింది. ఆ తర్వాత ఎంతమందో కూసోని దిద్దిండ్రు. దిద్దినప్పుడల్లా హీబ్రూ, గ్రీకు పాఠం ముంగట పెట్టుకున్నరు. కాబట్టి అడగాల్సింది తెలుగు మారిందా అని కాదు, ఆ గ్రీకు నమ్మదగినదేనా అని.

ఆడ అసలు ప్రతి లేదు. మార్కు చేతితోని రాసిన కాయితం ఈ భూమ్మీద ఎవరి కాడా లేదు, ఉన్నయన్నీ నకళ్లే. మరి ఎట్ల నమ్ముడు? మన భూమి ముచ్చట యాది చేసుకో. పట్వారి దఫ్తరంల ఒక పహాణి, తహసీల్‌ల ఒకటి, పాలోళ్ల ఇంట్ల ఇంకొక నకలు. తగాదా వస్తే పెద్దమనుషులు మూడూ తెచ్చి అరుగు మీద పక్కపక్కన పరిచేది. ఒకదాంట్ల 12 గుంటలు, రెండింట్ల 22 ఉంటే తప్పు ఏడ పడ్డదో తెలిసిపోయేది. నా ఇంట్ల నకలును నేను దిద్దుకోవచ్చు, పాలోని ఇంట్లది ఎట్ల దిద్దుత?

కొత్త నిబంధన గ్రీకు నకళ్లు, తునకలతో కలిపి, ఐదు వేలకు పైగా ఉన్నయ్. ఈజిప్టుల, సిరియాల, రోమ్‌ల, ఒకరినొకరు ఎరుగనోళ్లు రాసుకున్నయ్. వాటి నడుమ తేడాలు లక్షల్ల ఉన్నయ్, నీ కాడ దాచను. వాటిల శానా మట్టుకు అక్షరం జారుడు, మాట ముందుకో ఎనుకకో పడుడు. ఇంగ్లండుల మాంచెస్టర్‌ల ఒక తునక ఉన్నది, నీ అరచేయి అంత కూడ లేదు. దాని మీద యోహాను సువార్త 18వ అధ్యాయం ముక్క, పిలాతు యేసును విచారించే తావు. 1920ల ఈజిప్టుల కొన్నరు, అదేందో 1934 దాక పోల్చుకోలే. రెండో శతాబ్దం నాటిదని పండితులంటరు. పౌలు పత్రికల పాపిరస్ ప్రతి ఒకటి ఇంచుమించు 200 నాటిది. నువ్వన్న ఆ రాజు రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్, ఆయన నైసియాల బిషపుల సభ పెట్టించింది 325ల. అంతకు నూరేండ్ల ముందే ఊరూరికీ చేరిన నకళ్లను ఆయన ఎట్ల తిరిగి రాయిస్తడు? ఆ సభ ఏ పుస్తకం ఉంచాలె, ఏది తీసెయ్యాలె అని తేల్చనే లేదు. ఆ మాట ఎవరన్నా అంటే ధైర్యంగ తప్పని చెప్పు.

పాత నిబంధన ముచ్చట కూడ విను. 1947ల, ఈడ మనం రజాకార్ల భయంతోని తలుపులు బిగించుకునే రోజులల్ల, మృతసముద్రం ఒడ్డున గుహల మేకల కాపర్లకు కుండలల్ల చుట్టలు దొరికినయ్. అండ్ల యెషయా గ్రంథం ఏడు మీటర్ల పొడుగు చుట్ట. అంతకుముందు లోకానికి తెలిసిన హీబ్రూ ప్రతులకంటే వెయ్యేండ్లు పాతది. పక్కన పెట్టి చదివితే రాత పద్ధతిల, కొన్ని మాటలల్ల తేడాలు అవుపడ్డయ్ గని గ్రంథం అదే. నాకు అన్నిటికంటె గొప్పగ అనిపించే సంగతి ఇదే.

ఇగ రెండో దిక్కు కూడ చెప్పాలె. సినాయ్ కొండ మఠంల దొరికిన పాత బైబిలును 1933ల బ్రిటిష్ మ్యూజియం లక్ష పౌండ్లు పెట్టి కొన్నది, అండ్ల సగం జనం వేసిన చందాలే. అంత పెట్టి కొన్న పుస్తకంల మార్కు సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతోనే ఆగిపోతది. యోహానుల, జనం రాళ్లతోని కొట్టబోయిన స్త్రీ కథ కూడ అండ్ల లేదు. అవి తర్వాత చేరినయని పండితులల్ల ఎక్కువమంది అంటరు. నేను ఒప్పుకుంట. ఆ స్త్రీ కథ నాకు ప్రాణం, అయినా ఒప్పుకుంట. యేసు పుట్టినప్పుడు జరిగిందని లూకా రాసిన జనసంఖ్య ముచ్చట ఇంకా చిక్కు. కురేనియ సిరియాకు అధిపతిగ జనసంఖ్య రాయించింది క్రీస్తు శకం 6ల. యేసు పుట్టినప్పుడు రాజని మత్తయి చెప్పే హేరోదు అంతకు ఇంచుమించు పదేండ్ల కింద, క్రీ.పూ. 4లనే పోయిండని ఎక్కువమంది లెక్క. దీన్ని అతికించ చూసినోళ్లు శానామంది, నాకు నచ్చిన అతుకు ఒక్కటీ లేదు.

అట్లని అంతా కల్ల అనుడు ఇంకా తప్పు. 1961ల కైసరయల పిలాతు పేరు చెక్కిన రాయి దొరికింది. యేసును పిలాతు కాలంల చంపిన్రని టాసిటస్ అనే రోమా చరిత్రకారుడు రాసిండు, ఆయనకు క్రైస్తవులంటే గిట్టనే గిట్టదు. పౌలు ఉత్తరాలు సిలువ తర్వాత ఇరవై ఏండ్లకే మొదలైనయ్, మార్కు సువార్త నలభై ఏండ్లకు. చూసినోళ్లు కొందరు ఇంకా బతికున్న కాలమే. కాని రాయి చెప్పేది పిలాతు ఉన్నడని, నకలు చెప్పేది వాళ్లేం రాసిండ్రని. సమాధి కాలీ అయిందా అన్న మాట ఏ తవ్వకంల బయట పడది. అది నమ్ముడు, నమ్మకపోవుడు. నేను నమ్మిన, ఆ నమ్మకంతోనే ఇంత దూరం వచ్చిన.

కొందరు ప్రసంగంల నిలబడి ప్రతి పొల్లు తవ్వకాలల్ల రుజువైందంటరు, కొందరు ఫోన్ల అంతా కట్టుకథ అంటరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేటోళ్లు రెండు దిక్కుల ఉన్నరు. నువ్వు ఇద్దరి ఎంట పోకు. నవంబర్‌ల ధారూర్ మెథడిస్టు జాతరకు నన్ను తోల్కపోతనన్నవు గదా. ఆ లోపల మత్తయి రెండో అధ్యాయం, లూకా రెండో అధ్యాయం నీ అంతట నువ్వు చదువు. ఏది కలిసిందో, ఏది కలువలేదో కాయితం మీద రాసుకోని రా, తొవ్వ పొడుగునా మాట్లాడుకుందం.