ఏ లిల్లీ?

రాత్రి తొమ్మిదింటికి మా పిల్లి చిట్టి బాల్కనీలోంచి వచ్చింది. ముక్కు మీద, మీసాల మీద, గుండెల మీది తెల్ల బొచ్చుకీ నారింజ రంగు పొడి. ఆ పొద్దున్నే విచ్చిన లిల్లీ పుప్పొడి అది. చలికాలం మొదట్లో దుంప కొని కుండీలో పెట్టాను. మొదటి పువ్వు. "బొట్టు పెట్టుకొచ్చావేంటే!" అంటూ నేను ఫోటో తీస్తున్నాను. అది పంజా నాకి, దాంతో మూతి తుడుచుకుని, మళ్ళీ పంజా నాకింది. విషం నా కళ్ళముందే లోపలికి పోయింది. నేను నవ్వుతూ చూశాను.

పదకొండున్నరకి వాంతి చేసుకుంది. అందులో పచ్చటి ఆకు ముక్క.

"లిల్లీ ఆకు తిన్నట్టుంది అత్తయ్యా, డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

"ఏం కాదమ్మా. కడియం పక్కన మా పుట్టింట్లో లిల్లీ మడులే ఉండేవి. పిల్లులు వాటిలోనే దొర్లేవి. పొద్దున్నకి అదే సర్దుకుంటుంది."

ఆవిడ చెప్పింది నిజమే. దండల్లో కట్టే ఆ తెల్ల పూలని మనమంతా లిల్లీలనే అంటాం. అవి నేల సంపెంగలు. మెక్సికో నుంచి వచ్చిన మొక్క, కిత్తనారకి చుట్టం, పిల్లులకి విషం కాదు. ఆ రాత్రి ఇద్దరికీ ఆ తేడా తెలియదు. ఒక్క పేరు మా దగ్గర ఎనిమిది గంటలు తినేసింది.

తెల్లారేసరికి చిట్టి మంచం కింద మూలకి చేరింది. చొంగ కారుతోంది. చేప ముక్క పెడితే మొహం తిప్పుకుంది. బుట్టలో పెట్టుకుని పరుగెత్తాం.

"ఏ లిల్లీ?" డాక్టరు అడిగిన మొదటి మాట. ఫోన్లో ఫోటో చూపించాను.

"ఎంతసేపైంది?"

"పదకొండు గంటలు."

"పద్దెనిమిది దాటలేదు. కూర్చోండి."

ముంగాలి బొచ్చు గొరిగి సెలైన్ ఎక్కిస్తూనే చెప్పాడాయన. ఏషియాటిక్, ఓరియంటల్, ఈస్టర్, డే లిల్లీ: వీటిలో ఏదైనా పిల్లి కిడ్నీలని ఒకటి నుంచి మూడు రోజుల్లో పాడుచేస్తుంది. రేక, ఆకు, పుప్పొడి, పూలగుత్తి పెట్టిన నీళ్ళు కూడా. కుక్క తింటే కడుపు చెడుతుంది, అంతే. పిల్లికే ఈ ఖర్మ. ఆ విషమేమిటో ఇప్పటికీ తేల్చలేదు, విరుగుడు మందూ లేదు. సెలైన్‌తో కిడ్నీలని కాపాడుకోవడం ఒక్కటే దారి. పీస్ లిల్లీ వేరు, దాన్ని కొరికితే నోరు మండుతుంది గానీ కిడ్నీల జోలికి పోదు.

మూడు రోజులు. అత్తయ్య ఇంటికి రానంది. క్లినిక్ బల్ల మీదే కూర్చుని, "నేనే ఆపాను" అని ఒకటే మాట. నేను పెట్టిన కుండీ, నేను తీసిన ఫోటో అని చెప్పినా వినలేదు.

రెండో రోజు సాయంత్రం లోపల్నుంచి కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, మీ పిల్లి పాస్ పోసింది!" ఇద్దరం చేతులు పట్టుకుని ఏడ్చాం. మూడో రోజు రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరగలేదు.

కుండీ ఆ రోజే ఇల్లు దాటింది. మొన్న వీధిలో పూలబండి ఆగింది. "నేల సంపెంగలు పావుకిలో ఇవ్వు బాబూ," అంది అత్తయ్య. వాడికి అర్థం కాలేదు. ఆవిడ లిల్లీ అనలేదు. చేత్తో చూపించింది.