గుండె గుర్తు నొక్కిన పాటలు ఎక్కడికి పోతాయి?

"మ్యూజిక్ యాప్‌లో దాచుకున్న పాటలు మాయమైపోయాయి, ఏం చెయ్యాలి?" అని మన ఐటీ జనాల్లో ఎవర్నైనా అడిగి చూడండి. దాదాపు అందరూ ఒకటే మంత్రం చదువుతారు. లాగౌటై మళ్ళీ లాగినవ్వు, కాష్ క్లియర్ చెయ్యి, అప్పటికీ రాకపోతే యాప్ పీకేసి మళ్ళీ వేసుకో. ఆ మూడో సలహా వింటే నాకు ఒళ్ళు మండుతుంది. యాప్ పీకేస్తే ఫోన్లోకి డౌన్లోడ్ చేసుకున్నవి కూడా పోతాయి. ప్రొడక్షన్లో బగ్ వస్తే లాగ్ చూడకుండా సర్వర్ ఫార్మాట్ చేసేవాణ్ణి మన టీమ్‌లో ఉంచుకుంటామా?

అసలు "పాటని దాచుకోవడం" అనే మాటకి గత ఇరవై ఏళ్ళలో అర్థం మూడుసార్లు మారింది. మాట మాత్రం అదే ఉండిపోయింది. పాటలు ఎందుకు మాయమవుతాయో తెలియాలంటే ఈ చరిత్ర కొంచెం తెలియాలి. ఓపిగ్గా చదవండి, మరీ బోరు కొట్టదులెండి.

నాన్నల తరానికి క్యాసెట్లు, మా చిన్నప్పటికి ఎమ్పీత్రీ సీడీలు. వాటికి తుప్పు, దుమ్ము, గీతలు, తీసుకెళ్ళి తిరిగివ్వని బంధువులు, ఇలా బోలెడు శత్రువులు. కానీ ఏది పోయినా మన కళ్ళముందే పోయేది. ఎందుకు పోయిందో, ఏది పోయిందో తెలిసేది.

2003 ఏప్రిల్‌లో ఆపిల్ ఐట్యూన్స్ స్టోర్ తెరిచింది. పాట 99 సెంట్లు. నాప్‌స్టర్‌లో ఉచితంగా దించుకోవడం అలవాటైన జనం చేత డబ్బులిచ్చి కొనిపించడం మామూలు విషయం కాదు. అయితే ఆ ఫైలుకి ఒక డిజిటల్ తాళం ఉండేది. ఫైలు మన హార్డ్ డిస్కులో ఉంటుంది, అది ఏయే కంప్యూటర్లలో మోగాలో నిర్ణయించే అధికారం మాత్రం కంపెనీ సర్వర్‌ది. దాచుకోవడం అనే మాట మొదటిసారి రెండు ముక్కలయ్యింది ఇక్కడే: వస్తువు మన దగ్గర, తాళంచెవి వాళ్ళ దగ్గర.

ఈ ఏర్పాటు ఎలా వికటిస్తుందో చూపించిన ఘనత మాత్రం మైక్రోసాఫ్ట్‌ది. 2004లో ఎమ్మెస్సెన్ మ్యూజిక్ అని దుకాణం పెట్టారు. వాళ్ళ తాళం పద్ధతికి పెట్టుకున్న ముద్ర పేరు "ప్లేస్ ఫర్ ష్యూర్". అంటే ఖచ్చితంగా మోగుతుంది అని భరోసా అన్నమాట! 2006 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ తనే జూన్ అనే ప్లేయర్‌ని విడుదల చేసింది. అందులో ప్లేస్ ఫర్ ష్యూర్ పాటలు మోగవు. (కంపెనీలో ఒక టీమ్ చేసింది ఇంకో టీమ్‌కి పట్టకపోవడం మనకి కొత్తేం కాదనుకోండి.) అదే నెలలో ఎమ్మెస్సెన్ మ్యూజిక్‌లో అమ్మకాలు ఆపేశారు. అంతటితో అయిపోలేదు. 2008 ఏప్రిల్‌లో పాత కొనుగోలుదారులకి మెయిల్ వచ్చింది: ఆగస్టు 31 తర్వాత తాళంచెవి సర్వర్లు ఆపేస్తున్నాం, ఆ పైన కొత్త కంప్యూటర్‌కి మీ పాటల్ని అనుమతించడం కుదరదు అని. అంటే ఉన్న కంప్యూటర్ బతికున్నంత కాలం మోగుతాయి. కంప్యూటర్ మార్చారా, ఇక అంతే సంగతులు. గొడవ బాగా ముదిరాక సర్వర్లని 2011 చివరిదాకా నడుపుతామని సర్దిచెప్పారు.

అదే ఏడాది జూలైలో యాహూ కూడా ఇదే పాట పాడింది. సెప్టెంబర్ 30తో సర్వర్లు బంద్ అని చెప్పి, కావాలంటే పాటల్ని ఆడియో సీడీల్లోకి ఎక్కించుకోండని సలహా ఇచ్చింది. డబ్బులిచ్చి కొన్న డిజిటల్ పాటని కాపాడుకోవడానికి మళ్ళీ సీడీ! చివరికి కూపన్లు, రీఫండులతో చల్లార్చారు. వాల్‌మార్ట్ కూడా సర్వర్లు ఆపేస్తామని చెప్పి, జనం తిరగబడ్డాక మనసు మార్చుకుంది. 2009లో ఐట్యూన్స్ పాటలకి తాళం తీసేశాక ఈ అధ్యాయం దాదాపు ముగిసింది.

తర్వాతది క్లౌడ్ యుగం. ఇందులో నాకు బాగా ఆసక్తిగా అనిపించింది మ్యాచింగ్ గొడవ. మీ దగ్గరున్న వేల ఫైళ్ళని అప్‌లోడ్ చెయ్యడం ఎందుకు, అవే పాటలు మా సర్వర్లో ఉన్నాయి కదా, మీ జాబితా చూసి మా కాపీలే మీకు వినిపిస్తాం అన్నది ఆలోచన. ఇంజనీర్‌గా చూస్తే చక్కటి డీడూప్లికేషన్. 2011లో వచ్చిన ఐట్యూన్స్ మ్యాచ్ ఈ పనిని ధ్వని వేలిముద్రతో చేసేది, అంటే పాట శబ్దాన్నే విశ్లేషించి పోల్చేది. 2015 జూన్ 30న మొదలైన ఆపిల్ మ్యూజిక్ మాత్రం మొదట్లో ఫైలు మీద రాసున్న వివరాల్ని, అంటే పాట పేరు, గాయకుడి పేరు, ఆల్బమ్ పేరు చూసి పోల్చేది. దాంతో కచేరీలో రికార్డు చేసిన పాట ఉన్నవాళ్ళకి స్టూడియో పాట వచ్చిందని, అరుదైన వెర్షన్ పోయి మామూలుది వచ్చిందని గోల మొదలైంది. పైగా అలా వచ్చిన కాపీకి తాళం కూడాను.

2016 మేలో అమెరికాలో ఒక సంగీతకారుడు తన కంప్యూటర్లోని 122 జీబీల సంగీతం ఇలాగే చెరిగిపోయిందని రాశాడు. అందులో తను స్వయంగా కట్టిన పాటలు కూడా ఉన్నాయి. అదృష్టవశాత్తూ బ్యాకప్ ఉంది. ఆపిల్ ఏమందంటే, ఈ సమస్య మా దగ్గర రీప్రొడ్యూస్ కావట్లేదు అని! మనం రోజూ టెస్టింగ్ టీమ్‌కి చెప్పే మాటే. అన్నా కూడా అదే నెలలో ఐట్యూన్స్ 12.4లో అదనపు జాగ్రత్తలు పెట్టారు, జూలైలో ఆపిల్ మ్యూజిక్‌ని కూడా వేలిముద్ర పద్ధతికి మార్చారు. మన తెలుగు ఎమ్పీత్రీల వివరాలు ఎలా ఉంటాయో తెలుసు కదా. "ట్రాక్ 01" అని కొన్ని, గాయకుడి పేరు ఉండాల్సిన చోట వెబ్‌సైట్ పేరుతో కొన్ని. పేర్లు చూసి పోల్చే ప్రోగ్రాముకి ఇవి ఇస్తే ఏం తేలుస్తుంది పాపం.

ఇక మూడో అర్థం, ఇప్పుడు మనమున్నది. గుండె గుర్తు నొక్కితే జరిగేదేమిటి? డేటాబేసులో ఒక వరస చేరుతుంది. యూజర్ ఐడీ, ట్రాక్ ఐడీ, నొక్కిన సమయం. అంతే. పాట మన దగ్గరికి రాదు. డౌన్లోడ్ నొక్కినా వచ్చేది తాళమేసిన కాపీ, గడువున్న కాపీ. స్పాటిఫైలో కనీసం 30 రోజులకోసారి నెట్‌కి కనెక్ట్ కాకపోతే ఆఫ్‌లైన్ పాటలు పోతాయి. మనం దాచుకున్నది పాటని కాదు, పాట ఉన్న చోటి చిరునామాని. ఆ చిరునామాలో ఇల్లు ఉంటుందా లేదా అన్నది కంపెనీల మధ్య ఒప్పందాల మీద ఆధారపడుంటుంది.

మన దేశంలో దీనికి మొదటి పెద్ద ఉదాహరణ ధింగానా. 2007లో మొదలై మన భాషల పాటలతో బాగా పేరు తెచ్చుకుంది. టీ-సిరీస్ లైసెన్స్ పొడిగించకపోవడంతో 2014 ఫిబ్రవరిలో మూసేస్తున్నట్టు ప్రకటించారు. మరుసటి నెల ఆర్డియో దాన్ని కొనుక్కుంది. ఏడాదిన్నర తిరిగేసరికి 2015 చివర్లో ఆ ఆర్డియోనే దివాలా తీసి మూతపడింది. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో ఇండియాకొచ్చింది. రెండు నెలలకే సరిగమ ఢిల్లీ హైకోర్టుకెళ్తే, వాళ్ళ పాటలు తీసేస్తామని ఒప్పుకుంది. సరిగమ అంటే మన పాత హెచ్ఎమ్‌వీ, గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా. ఘంటసాల, సుశీల పాటలు బోలెడు వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. 2020 జూన్‌లో ఒప్పందం కుదిరాక లక్షకి పైగా పాటలు వచ్చాయి. 2023 మార్చిలో జీ మ్యూజిక్‌తో ఒప్పందం ముగిసి మళ్ళీ ఇదే తంతు, ఈసారి హిందీ పాటల అభిమానుల వంతు. 2024 ఆగస్టులో ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌నే మూసేస్తున్నట్టు చెప్పింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వెళ్ళిపోయిన పాట తిరిగొచ్చినప్పుడు పాత ఐడీతోనే రావాలని రూలేం లేదు. ప్రతి రికార్డింగుకి ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాల అంతర్జాతీయ కోడ్ ఉంటుంది. కానీ అదే రికార్డింగ్ సినిమా ఆల్బమ్‌లో ఒకటి, "ఘంటసాల హిట్స్"లో ఒకటి, "పాత బంగారం"లో ఒకటిగా మూడు ట్రాక్ ఐడీలతో ఉండొచ్చు. మీరు గుండె నొక్కిన ఆల్బమ్ పోయి, మిగతా రెండూ ఉంటే? కొన్ని యాప్‌లు ఈ కోడ్ లాంటివి చూసి కొత్త ఐడీకి ముడేస్తాయి. కొన్ని వెయ్యవు. అప్పుడు సెర్చిలో పాట కనిపిస్తూనే ఉంటుంది, మీ లిస్టులో మాత్రం ఉండదు.

మా నాన్న ఒక యాప్‌లో (పేరెందుకులెండి) రెండేళ్ళు ఏరి ఏరి రెండొందలకి పైగా పాటలు దాచుకున్నారు. ఒకరోజు ఫోన్ చేసి "ఒరేయ్, పాటలెవడో చెరిపేశాడ్రా" అన్నారు. చూస్తే నూట నలభై చిల్లర మిగిలాయి. వెతగ్గా కొన్ని వేరే అకౌంట్లో దొరికాయి. మొదట ఈమెయిల్‌తో చేరి, ఫోన్ మార్చాక నంబర్ ఓటీపీతో లాగినయ్యారు, యాప్ దృష్టిలో ఆయన ఇద్దరు మనుషులు. కొన్ని ఇంకో ఆల్బమ్‌లో దొరికాయి. మిగతావి ఏమిటని అడిగితే ఆయనకి గుర్తు లేదు. గుర్తు పెట్టుకునే పని యాప్‌కి అప్పజెప్పారు కదా. ఆ యాప్ పోయిన పాటల పేర్లు కూడా చూపించకుండా వరసలకి వరసలు దాచేసింది. లైసెన్స్ పోతే పాట వినిపించకండి, ఒప్పుకుంటాం. కానీ "ఇక్కడ ఫలానా పాట ఉండేది" అని బూడిద రంగులో ఒక లైను చూపించడానికి ఏ ఒప్పందం అడ్డొచ్చింది? ఆ జాబితా కట్టింది ఆయన, మ్యూజిక్ కంపెనీ కాదు. నాకు దీంట్లో అన్నిటికంటే దుర్మార్గంగా అనిపించింది ఇదే.

కాబట్టి పాటలు కనిపించనప్పుడు మొదట చూడాల్సింది కాష్ కాదు, అకౌంట్. వేరే మెయిల్‌తోనో నంబర్‌తోనో లాగినయ్యారేమో చూడండి. తర్వాత అదే అకౌంట్‌తో బ్రౌజర్లో తెరవండి. అక్కడ ఉండి ఫోన్లో లేకపోతే అది ఫోన్ సంగతి, డౌన్లోడ్లో, మెమరీ కార్డో, సింకో. అక్కడా లేకపోతే సెట్టింగుల్లో అందుబాటులో లేని పాటల్ని చూపించమనే ఆప్షన్ ఉందేమో వెతకండి. బూడిద రంగులో కనిపిస్తే లైసెన్స్ పోయినట్టు, మీరు ఎన్నిసార్లు యాప్ పీకినా లాభం లేదు. ప్లేలిస్టు మొత్తం పోయిందా? స్పాటిఫైలో అయితే చెరిపేసిన ప్లేలిస్టుని 90 రోజుల్లోపు వెబ్‌సైట్లోని అకౌంట్ పేజీలో తిరిగి తెచ్చుకోవచ్చు. ఆన్‌సైట్ వెళ్ళేవాళ్ళకి ఇంకోటి: లైసెన్సులు దేశాన్ని బట్టి ఉంటాయి. అకౌంట్ దేశం ఇండియా నుంచి అమెరికాకి మారిస్తే కొన్ని పాటలు రాత్రికి రాత్రే మూగబోవచ్చు.

మీరే స్వయంగా అప్‌లోడ్ చేసినవి అయితే కథ వేరు, వాటికి లైసెన్స్ గొడవ లేదు కాబట్టి భద్రం అనుకుంటారు. మైస్పేస్ వాళ్ళూ అలాగే అనుకున్నారు. సర్వర్ మైగ్రేషన్లో 2003 నుంచి 2015 దాకా జనం పెట్టిన పాటలు పోయాయని 2019 మార్చిలో బయటపడింది. 5 కోట్ల పాటలని వార్తలొచ్చాయి. అందులో ఒక పరిశోధక బృందం ఎప్పుడో దించి పెట్టుకున్న 4 లక్షల 90 వేలు మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. మొత్తం కలిపి 1.3 టెరాబైట్లు. ఇవాళ జేబులో పట్టే డిస్కు! గూగుల్ ప్లే మ్యూజిక్ కొంత నయం. 2020 చివర్లో మూసేసినా, పాటల్ని యూట్యూబ్ మ్యూజిక్‌కి మార్చుకోవడానికి దారి చూపించి, 2021 ఫిబ్రవరి 24 దాకా గడువిచ్చి, ఆ తర్వాతే చెరిపేసింది.

పాటని దాచుకోలేకపోయినా జాబితాని దాచుకోవచ్చు. చాలా యాప్‌లు మన డేటా అడిగితే ఇస్తాయి, ఆర్నెల్లకోసారి దించి ఒక స్ప్రెడ్‌షీట్లో పడేస్తే సరి. నాన్నకి నేను చేసిపెట్టింది అదే. పాట పేరు, సినిమా, గాయకులు, సంగీతం, సంవత్సరం. ఆ చివరి కాలమ్ మన సినిమా పాటలకి చాలా ముఖ్యం. సుబ్బరామన్ సంగీతంతో 1953లో ఒక దేవదాసు వచ్చింది, చక్రి సంగీతంతో 2006లో ఇంకో దేవదాసు వచ్చింది. మాయాబజార్ కూడా 1957లో ఒకటి, 2006లో ఒకటి. సంవత్సరం లేకుండా సినిమా పేరు మాత్రమే రాసుకుంటే, రేపు కొత్త యాప్‌లోకి ఆ జాబితా ఎక్కించేటప్పుడు ఏ దేవదాసు ఆల్బమ్ పైకొస్తుందో ఆ సెర్చ్ ఇంజనుకే తెలియాలి.