మామిడిపిందె నుంచి పెయిస్లీ టై వరకు

పురుషుల షర్టుల మీద, టైల మీద కనిపించే, కొన వంగిన చుక్కలాంటి ఆకారాన్ని బట్టల దుకాణంలో ‘పెయిస్లీ’ అంటారు. మీ ఇంట్లో పట్టుచీర ఉంటే అంచు చూడండి. అక్కడ దాని పేరు మామిడిపిందె. జవాబుపత్రాలు దిద్దిన రోజుల్లో ఈ విషయంపై రెండు రకాల సమాధానాలు చూసేవాణ్ణి. ఇది స్కాట్లాండ్ వారి డిజైన్ అని కొందరు, మన డిజైన్‌ను ఉన్నదున్నట్లు ఎత్తుకుపోయారని మరికొందరు రాసేవారు. రెండింటికీ పూర్తి మార్కులు వేయలేదు.

17వ శతాబ్దపు కాశ్మీరు శాలువా కొంగు మీద ఈ వంపు లేదు. అక్కడ ఉన్నది విడిగా నిలబడ్డ ఒక సన్నని పూలమొక్క. తరువాతి శతాబ్దంలో మొక్క గుత్తిగా మారింది, కొన పక్కకు వాలింది, క్రమంగా చుట్టూ గీత గీసినట్లు ఆకారం బిగుసుకుంది. దీన్నే బూటా అంటారు. మొగలు ఆస్థానంలో శాలువా పురుషుల వస్త్రమని గుర్తుంచుకోండి. చక్రవర్తి ఇచ్చే ఖిల్లతులలో అదీ ఉండేది. ఐరోపా చేరాక స్త్రీల వస్త్రమైంది. గ్లాస్గో దగ్గరి పెయిస్లీ పట్టణపు నేతగాళ్లు 19వ శతాబ్దంలో దాన్ని అనుకరించారు. తరువాత జకార్డ్ మగ్గం రావడంతో నేత మరింత చవకైంది. మరోవైపు ఫ్రెంచి వ్యాపారుల అభిరుచికి తగ్గట్లు కాశ్మీరు నేతగాళ్లు కూడా నమూనాలు మార్చుకున్నారు. 1870లలో ఫ్యాషన్ మారి పెయిస్లీ శాలువా పోయింది. ఊరి పేరు మాత్రం ఆకారానికి అంటుకుపోయింది.

ఇక పూల ప్రింట్ల సంగతి. ఇది మన తీరపు చరిత్ర. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టడానికి ముఖ్య కారణాలలో ఇక్కడి అద్దకం బట్టలు ఒకటి. నేత బట్టను కరక్కాయ కషాయంలో, గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. తరువాత చిరివేరుతో కలిపి ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఉతికినకొద్దీ ఆ ఎరుపు నిలుస్తుంది. ఐరోపా వారికి అప్పటికి తెలియనిది ఈ పనితనమే.

ఆ పూల బట్టతో అక్కడి మగవారు ఇంట్లో వేసుకునే పొడవాటి అంగీలు కుట్టించుకున్నారు. మన బనియా వర్తకుల పేరిట ఆ అంగీని ‘బనియన్’ అన్నారు. మనం చొక్కా లోపల వేసుకునే బనియనుకూ మూలం ఆ మాటే! ఆదరణ ఎంత పెరిగిందంటే, ఉన్ని, పట్టు నేతవారి ఒత్తిడితో ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండు 1700లోను 1721లోను అద్దకం బట్టలపై నిషేధాలు తెచ్చాయి. ఫ్రాన్స్ 1759లో, ఇంగ్లండు 1774లో ఎత్తివేశాయి. అప్పటికి వారి సొంత ప్రింటింగ్ పరిశ్రమ కాళ్ల మీద నిలబడింది. స్వేచ్ఛా వాణిజ్యం గురించి పాఠ్యపుస్తకంలో చదివేటప్పుడు ఈ తేదీలను పక్కన పెట్టుకోండి.

షర్టు విషయం క్లుప్తంగా చెబుతాను. 1875లో లండన్‌లో మొదలైన లిబర్టీ దుకాణం తూర్పుదేశాల బట్టలతో పేరు తెచ్చుకుంది. 1960లలో ఆ పూల ప్రింట్లు, పెయిస్లీలు యువకుల షర్టుల మీదికి వచ్చాయి. మగవారి వస్త్రం మళ్లీ మగవారి దగ్గరికి చేరింది.

టై కథ వేరు. ఇంగ్లండులో ‘ఏన్షియంట్ మాడర్’ అనే ముదురు ఎరుపు పట్టు టైలు ఉన్నాయి. మాడర్ అంటే మంజిష్ఠ జాతి వేరు. అందులో రంగునిచ్చే అలిజరిన్ మన చిరివేరులోనూ ఉంది. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది ఏళ్లలోనే ఫ్రాన్స్‌లో మాడర్ సాగు కూలిపోయింది. మన తీరపు ఇసుక నేలల్లో చిరివేరు తవ్వి బతికేవారికి కూడా పని పోయింది. ఈనాడు పెడనలో షర్టుల కోసం మామిడిపిందె అచ్చు వేసే బట్టలోని ఎరుపు చాలావరకు ఆ రసాయన అలిజరినే.