పక్షవాతం: దీర్ఘకాలిక ఆర్థిక భారం

మెదడుకు వెళ్లే రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. దీని ఖర్చులో ఆసుపత్రి బిల్లు మొదటి భాగమే. మిగతాది రోగి ఇల్లు చేరాక నెలల తరబడి, కొందరికి జీవితాంతం సాగుతుంది. ప్రపంచ స్ట్రోక్ సంస్థ 2022లో వేసిన అంచనా ప్రకారం ఈ జబ్బు వల్ల ప్రపంచంపై పడే ఆర్థిక భారం 72,100 కోట్ల డాలర్ల పైమాటే. అది ప్రపంచ స్థూల ఉత్పత్తిలో 0.66 శాతం. రోగుల్లో 60 శాతానికి పైగా 70 ఏళ్లలోపువారే కావడంతో చాలా ఇళ్లలో చికిత్స ఖర్చుతో పాటు సంపాదన కూడా పోతుంది.

నాళం పూడుకుపోయిన రోగిని త్వరగా ఆసుపత్రికి చేర్చగలిగితే, తగినవారికి లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇస్తారు. మందు ఖరీదైనదే. అయినా వైకల్యం తగ్గితే ఏళ్ల ఖర్చు తప్పుతుంది. దగ్గర్లో సీటీ స్కాన్ లేకపోవడం, తెల్లారాక చూద్దాంలే అనుకోవడం, ముందు నాటు మందుకు తీసుకెళ్లడం వల్ల ఆ గడువు దాటిపోతుంది.

ఇంటి ఖర్చు చిన్న చిన్న మొత్తాలుగా మొదలవుతుంది. డైపర్లు, ఎయిర్ బెడ్, మింగలేనివారికి ముక్కు గొట్టం, ఫిజియోథెరపిస్టు ఫీజు, ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఆటో కిరాయి. పడక పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి మనిషిని ఒత్తిగిలించాలి. రాత్రీపగలూ ఆ పని ఎక్కువగా భార్యో, కోడలో, కూతురో చేస్తారు. ఆమె మానేసిన కూలి ఏ బిల్లులోనూ కనిపించదు. కుటుంబాన్ని అప్పుల్లోకి నెట్టేవాటిలో ఆ కనిపించని నష్టం కూడా ఒకటి.

కుటుంబ సభ్యులకే వ్యాయామాలు నేర్పితే ఖర్చు తగ్గుతుందన్న ఆశతో భారతదేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందిపై అటెండ్ అనే అధ్యయనం చేశారు. 2017లో వెలువడిన ఫలితం నిరాశపరిచింది. ఆరు నెలలకు మరణించినవారు, పరాధీనులైనవారు కలిపి, ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చిన వర్గంలోనూ, ఇవ్వని వర్గంలోనూ 47 శాతమే. శిక్షణ పొందిన థెరపిస్టుల పనిని ఇంటివాళ్ల మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం కుదరదని ఇది గట్టిగానే చెబుతోంది.

ప్రభుత్వ సాయం ప్రధానంగా ఆసుపత్రి చికిత్స చుట్టూనే అల్లుకుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద చికిత్సల బిల్లు నుంచి పేదలను కాపాడింది. 2018 నాటి ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు భరిస్తుంది, కానీ డిశ్చార్జి తర్వాతి ఖర్చుకు ఇచ్చే గడువు 15 రోజులే. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇది నిజంగా ఆదుకునే మొత్తం. అయితే వైకల్యం నిర్ధారణై సర్టిఫికెట్ చేతికొచ్చాకే అది అందుతుంది. ఖర్చు ఎక్కువగా ఉండే తొలి నెలలు దానికి ముందే గడిచిపోతాయి.

ఒకసారి పక్షవాతం వచ్చినవారికి మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువ, రెండోసారి వస్తే ఖర్చూ వైకల్యమూ పెరుగుతాయి. రక్తపోటును అదుపులో ఉంచడమే ఇందుకు ప్రధాన నివారణ. బీపీ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. బాగానే ఉంది కదా అని వాటిని మానకూడదు.