గాలి వయసు చెప్పే వాయువు

ఉత్తర జర్మనీలో వోల్ఫెన్‌బ్యూటెల్ అని ఒక చిన్న ఊరు ఉంది. నూట పాతికేళ్ల కిందట అక్కడి ఉన్నత పాఠశాలలో యూలియస్ ఎల్‌స్టర్, హాన్స్ గైటెల్ అనే ఇద్దరు స్నేహితులు పాఠాలు చెప్పేవారు. బడి అయిపోతే వాళ్ల లోకం ఇంట్లో పెట్టుకున్న ప్రయోగశాలే. 1901లో వాళ్లు ఆరుబయట ఒక తీగ కట్టి, దానికి వేల వోల్టుల రుణావేశం ఇచ్చి, గంటల తరబడి అలా వదిలేశారు. తర్వాత అమ్మోనియాతో తడిపిన తోలుముక్కతో ఆ తీగను తుడిచి చూస్తే, ముక్కకు రేడియోధార్మికత అంటుకుంది. దగ్గర్లో యురేనియం లేదు, రేడియం లేదు. తీగను తాకింది ఉత్త గాలే.

గాలిలోకి అది ఎక్కడి నుంచి వచ్చింది? అనుమానం నేల మీదకు పోయింది. గుహల్లోని గాలిని, నేలమాళిగల్లోని గాలిని పరీక్షించారు. మట్టిలోకి గొట్టం దించి లోపలి గాలిని పైకి లాగి చూశారు. బయటి గాలిలో కన్నా అక్కడ రేడియోధార్మికత చాలా ఎక్కువ. భూమి ఊపిరి వదులుతోందని, ఆ ఊపిరిలో ఏదో ఉందని అలా తేలింది. దాని ఆనవాలు అంతకు ముందే ప్రయోగశాలల్లో దొరికింది. 1899లో మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్, ఓవెన్స్ థోరియం నుంచి ఒక వాయువు వెలువడటం గమనించారు. 1900లో హాలే నగరంలో ఫ్రీడ్రిష్ డోర్న్ రేడియం నుంచి వచ్చేదాన్ని గుర్తించాడు. ఈ రెండోదే నేటి రేడాన్-222.

రేడాన్ అనగానే ఇవాళ చాలామందికి గుర్తొచ్చేది ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ భయం సబబే. గాలి ఆడని ఇళ్లల్లో పేరుకునే రేడాన్, పొగతాగడం తర్వాత ఆ జబ్బుకు ముఖ్య కారణాల్లో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే ఆరుబయట పలచగా కలిసి తిరిగే రేడాన్‌కు మరో చరిత్ర ఉంది. వాతావరణ శాస్త్రానికి అది చేసిన సేవకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

ఆ సేవకు మూలం దాని మూడు గుణాలు. మొదటిది, అది జడవాయువు. దేనితోనూ కలవదు, వానకు కడుక్కుపోదు. రెండోది, అది పుట్టేది దాదాపుగా నేలలోనే. రాళ్లలో, మట్టిలో ఉన్న యురేనియం విచ్ఛిన్నమవుతూ పోతే రేడియం, రేడియం నుంచి రేడాన్. సముద్రం నుంచి వచ్చేది నేల నుంచి వచ్చేదానిలో వందో వంతు కూడా ఉండదు. మూడోది, దాని ఆయువు. 3.8 రోజుల్లో సగం హరించుకుపోతుంది. కాబట్టి ఎక్కడో నడిసముద్రంలో గాలిని పట్టి రేడాన్ కొలిస్తే, ఆ గాలి ఇటీవల నేలను తాకిందో లేదో, తాకి ఉంటే సుమారుగా ఎన్నాళ్లయిందో చెప్పవచ్చు.

ఈ సంగతి ఒక్కరోజులో తట్టలేదు. ఎల్‌స్టర్, గైటెల్‌ల తీగ పద్ధతిని జార్జ్ సింప్సన్ అనే ఆంగ్లేయుడు నార్వే ఉత్తర కొసన ఉన్న కారాస్యోక్‌కు తీసుకెళ్లాడు. 1906లో ఆయన సిమ్లాలోని భారత వాతావరణ శాఖలో చేరాడు. అక్కడి నుంచి కెప్టెన్ స్కాట్ దండుతో అంటార్కిటికా వెళ్లాడు. ఆ యాత్రకు వెళ్లిన టెర్రా నోవా ఓడ మీద తోటి శాస్త్రవేత్త చార్లెస్ రైట్‌తో కలిసి సముద్రపు గాలి విద్యుత్తునూ, అందులోని రేడియోధార్మికతనూ పరిశీలించాడు. ఆ తర్వాత అమెరికా కార్నెగీ సంస్థ ఓడ సముద్రాలన్నీ చుట్టింది. అయస్కాంత కొలతలు చెడకుండా ఇనుము లేకుండా కట్టిన ఓడ అది. 1929లో సమోవా దీవుల్లో పేలిపోయేదాకా సాగిన దాని యాత్రల్లో ఈ కొలతలకూ చోటు దక్కింది. తీరానికి దూరమయ్యేకొద్దీ గాలిలో రేడాన్ తరిగిపోతుందన్నది అలా స్థిరపడుతూ వచ్చింది.

మన రుతుపవనాలకు ఇది అతికినట్టు సరిపోయే పరికరం. చలికాలంలో గాలి మన నేల మీదుగా సముద్రంలోకి వెళుతుంది, రేడాన్ మోసుకుపోతుంది. నైరుతి గాలి వేల మైళ్ల సముద్రం దాటి వస్తుంది, దాని చేతిలో రేడాన్ పెద్దగా ఉండదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన రామా దీన్ని పట్టుకున్నాడు. రుతుపవనాల దారిని రేడాన్‌తో గుర్తించడం గురించి ఆయన రాసిన పత్రం 1970లో ఒక అమెరికన్ భూభౌతిక పత్రికలో వచ్చింది.

అదే ఏడు ఫ్రెంచి శాస్త్రవేత్త జెరార్ లాంబెర్, ఆయన సహచరులు దక్షిణ హిందూ మహాసముద్రంలో కనిపించిన ఒక వింతను ప్రకటించారు. మనుషుల జాడ అంతగా లేని అక్కడి దీవుల్లో రేడాన్ మామూలుగా అడుగంటి ఉంటుంది. ఉన్నట్టుండి కొన్ని రోజుల్లో అది ఎగబాకుతుంది. ఈ ఎగబాకుళ్లకు వాళ్లు రేడాన్ తుపానులని పేరు పెట్టారు. ఆఫ్రికా ఖండం మీది గాలి పశ్చిమ గాలులందుకుని కొద్ది రోజుల్లోనే అంత దూరం వచ్చి పడుతోందన్నమాట. ఖండాల గాలి సముద్రాల మీద ఎంత వేగంగా పరుగెత్తుతుందో లెక్కగట్టడానికి అదొక తిరుగులేని సాక్ష్యం.

రేడాన్ అసలు విలువ తెలిసింది టాస్మానియా వాయవ్య కొసన ఉన్న కేప్ గ్రిమ్‌లో. 1976లో అక్కడ మొదలైన కేంద్రం పని, కల్తీ లేని దక్షిణ సముద్రపు గాలిలో కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు ఏటా ఎంత పెరుగుతున్నాయో చూడటం. నైరుతి నుంచి గాలి వీస్తే శుభ్రమైన గాలి అనుకోవడం తేలిక. కానీ ఆస్ట్రేలియా నేల మీద తిరిగి, సముద్రంలోకి పోయి, మలుపు తిరిగి మళ్లీ అదే దిక్కు నుంచి వచ్చే గాలి మాటేమిటి? గాలి కోడి దాన్ని పట్టలేదు, రేడాన్ పడుతుంది. నేల మీది గాలిలో ఘనపు మీటరుకు కొన్ని బెకెరల్స్ (రేడియోధార్మికత కొలమానం) రేడాన్ ఉంటే, అక్కడి స్వచ్ఛమైన గాలిలో ఒక బెకెరల్‌లో ఇరవయ్యో వంతు మాత్రమే. అంత స్వల్పాన్ని కొలవడమే పెద్ద పని. ఆస్ట్రేలియా అణుశాస్త్ర సంస్థలో స్టువర్ట్ విటిల్‌స్టోన్, వోడెక్ జహరోవ్‌స్కీ అందుకు తగిన యంత్రాలను ఏళ్ల తరబడి మెరుగుపరిచారు. ముందు ఒక వడపోత గాలిలోని రేడాన్ సంతతినంతా, అంటే అది విచ్ఛిన్నమై పుట్టిన కణాలను, ఆపేస్తుంది. మిగిలిన గాలి 5,000 లీటర్ల తొట్టిలోకి వెళుతుంది. అక్కడ రేడాన్ విచ్ఛిన్నమై కొత్తగా పుట్టిన కణాలు రెండో వడపోత మీద చిక్కుకుంటాయి, వాటి ఆల్ఫా కిరణాలు రేపే మెరుపులను యంత్రం లెక్కపెడుతుంది. వాతావరణ మార్పు మీద అనుమానం వెలిబుచ్చేవాళ్లు ఈ ఓపికను ఒకసారి చూడాలి. 2016లో కేప్ గ్రిమ్‌లో కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకు 400 వంతులు దాటిందన్న వార్త వెనక, ఏ గాలిని లెక్కలోకి తీసుకోవాలో తేల్చడానికి ఇంత కష్టం ఉంది.

కంప్యూటర్లలో వాతావరణాన్ని నడిపించే నమూనాలకూ రేడాన్ పరీక్ష పెట్టింది. మేఘాలు నేల గాలిని ఎంత పైకి, ఎంత త్వరగా లాక్కుపోతాయో సరిగ్గా లెక్కగట్టకపోతే నమూనా చెప్పే భవిష్యత్తు తప్పుతుంది. 1990లో డేనియల్ జేకబ్, మైకేల్ ప్రాథర్ అనే శాస్త్రవేత్తలు ఒక నమూనాను రేడాన్‌తో పరీక్షించారు. ఆ తర్వాత ఒక అంతర్జాతీయ సమావేశం 20 నమూనాలకు అదే పని అప్పగించింది. త్రిమితీయ నమూనాల్లో ఎక్కువ భాగం గాలి కలయికను కొలతలకు దగ్గరగా చూపాయి. సరళమైన ద్విమితీయ నమూనాలు తడబడ్డాయి.

హైడెల్‌బర్గ్‌లో ఇంగెబోర్గ్ లెవిన్ బృందం రేడాన్ వాడకాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. రాత్రి నేల చల్లబడితే పైన వెచ్చని పొర గిన్నె మీద మూతలా బిగుసుకుంటుంది. లోపల రేడాన్ పెరుగుతుంది, అదే లెక్కన మీథేనూ పెరుగుతుంది. నేల నుంచి గంటకు ఎంత రేడాన్ వస్తుందో తెలిస్తే, రెండింటి నిష్పత్తిని బట్టి ఆ చుట్టుపక్కల ఎంత మీథేన్ విడుదలవుతోందో చెప్పేయవచ్చు. ప్రభుత్వాలు కాగితం మీద రాసుకునే ఉద్గారాల పద్దును గాలే తనిఖీ చేస్తుంది. 1999లో ఈ బృందం జర్మనీ మీథేన్ లెక్కలను అలాగే సరిచూసింది.

చిక్కు లేకపోలేదు. నేల అంతటా ఒకేలా రేడాన్ విడువదు. తడిసిన నేల, గడ్డకట్టిన నేల దాన్ని పట్టి ఉంచుతాయి. రాయిని బట్టి కూడా తేడా ఉంటుంది. హైదరాబాదు కింది గ్రానైటులో ఉన్నంత యురేనియం వికారాబాద్ వైపు నల్ల బసాల్టులో ఉండదు. అందుకే 2020లో యూరప్ కొలమాన సంస్థలు ట్రేస్‌రేడాన్ అనే ప్రాజెక్టు చేపట్టాయి. తక్కువ మోతాదు రేడాన్‌ను నమ్మకంగా కొలవడం, నేల నుంచి వచ్చేదాని పటాలు గీయడం దాని లక్ష్యం.

మన దగ్గర ఈ విద్య అవసరం ఇంకా ఎక్కువ. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాదు, విశాఖ, విజయవాడ ఉన్నాయి. ఒక ఏడు దుమ్ము తగ్గితే అది మన చర్యల ఫలితమా, ఆ ఏడు గాలి బాగా వీచిందా అన్నది దుమ్ము లెక్క ఒక్కదానితో తేలదు. ఏ రాత్రి గాలి స్తంభించిందో, ఏ రాత్రి కలిసిపోయిందో రేడాన్ చెబుతుంది. ఆస్ట్రేలియాలో స్కాట్ ఛాంబర్స్ అనే శాస్త్రవేత్త బృందం నగర కాలుష్యం నుంచి వాతావరణం పాత్రను ఇలాగే విడదీసి చూపింది. కాలుష్య నియంత్రణ మండళ్లు ప్రతి పెద్ద నగరంలోనూ కనీసం ఒక కేంద్రంలో రేడాన్ కొలిచే యంత్రం పెట్టి, ఆ అంకెలను ఏళ్ల తరబడి ఆపకుండా ప్రజల ముందుంచాలి.