మీరు రాయని పేరు మీ ఎర్రర్‌లో ఎందుకుంది? టైప్డ్ రాకెట్ కథ

టైప్డ్ రాకెట్‌లో ప్రోగ్రామ్ రన్ చేశారు. "ఈ పేరుకి టైప్ లేదు" అని ఎర్రర్ వచ్చింది. ఆ పేరేమో మీ ఫైలంతా వెతికినా దొరకదు. మరి ఎక్కణ్నుంచి ఊడిపడింది? ఇది బగ్ కాదు. కావాలని తీసుకున్న ఒక నిర్ణయానికి ఫలితం. ఆ నిర్ణయం కథే ఈరోజు చెప్తాను.

టైపులు లేని భాషలో చిన్న స్క్రిప్ట్ రాయడం తేలిక. అది పెరిగి పెద్ద ప్రోగ్రామ్ అయ్యాకే తలనొప్పి. అలాగని మొత్తం తిరగరాయలేం కదా! 2006లో జెరెమీ సీక్, వాలిద్ తాహా ఒక దారి చూపించారు: టైపులు కొంత కోడ్‌కి రాయండి, మిగతాది అలాగే ఉంచండి. దానికి గ్రాడ్యువల్ టైపింగ్ అని పేరు పెట్టారు. అదే ఏడాది బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో శామ్ టోబిన్-హాక్‌స్టాట్, మథియాస్ ఫెలైసన్ ఒక్కో మాడ్యూల్‌నే టైపుల్లోకి మార్చుకుంటూ పోయే పద్ధతి చెప్పారు. 2008లో అది టైప్డ్ స్కీమ్‌గా పరిచయమైంది. 2010లో పీఎల్‌టీ స్కీమ్ పేరు రాకెట్‌గా మారాక ఇది టైప్డ్ రాకెట్ అయింది.

అసలు చిక్కు మాక్రోలతో. మాక్రో అంటే కోడ్ రాసే కోడ్. రాకెట్‌లో ఫర్ లూప్ కూడా మాక్రోనే. ఎవరైనా కొత్తవి రాసుకోవచ్చు. ఒక్కో మాక్రోకి టైప్ రూల్ రాస్తూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేను? అందుకే వాళ్లు తీసుకున్న నిర్ణయం ఇది: ముందు మాక్రోలన్నీ విప్పేయాలి, మిగిలిన కొద్దిపాటి మూల రూపాలనే చెక్ చేయాలి. దీనివల్ల చిన్న చెకర్‌తోనే పెద్ద భాషని చెక్ చేయొచ్చు.

నాకు ఇది పచ్చడి రుబ్బేశాక రుచి చూడటంలా అనిపిస్తుంది. తేడా ఉందని తెలుస్తుంది, దేనివల్లో వెంటనే తెలియదు. టైపుల్లేని లైబ్రరీలోని మాక్రో వాడితే, విప్పినప్పుడు దాని లోపలి ఫంక్షన్ మీ కోడ్‌లోకి వచ్చేస్తుంది. దానికి టైప్ ఉండదు. మీరు రాయని ఆ పేరు అదే!

అలాంటప్పుడు ఏం చేయాలి? ముందు డాక్టర్ రాకెట్‌లో మాక్రో స్టెప్పర్ తెరవండి. మాక్రో ఎలా విడిపోతోందో మెట్టు మెట్టుగా చూపిస్తుంది. దాని వెనకున్న పనిని ర్యాన్ కల్పెపర్, ఫెలైసన్ 2007లో ఒక పేపర్‌గా రాశారు. ఇక ఖాళీ లిస్ట్‌తో మొదలయ్యే లూప్‌లో ఎర్రర్ వస్తే, ఆ లిస్ట్‌లో ఏం చేరబోతోందో చెకర్ ఊహించలేకపోయి ఉండొచ్చు. అక్కడ టైప్ మీరే రాయండి. బయటి ఫంక్షన్ కావాలంటే "రిక్వైర్ టైప్డ్"తో టైప్ చెప్పి తెచ్చుకోండి. అప్పుడు సరిహద్దులో ఒక కాపలా నిలబడుతుంది. తప్పుడు విలువ వస్తే ఏ వైపు మాట తప్పిందో చెప్తుంది.

ఈ కాపలా ఊరికే రాదు. 2016లో ఫెలైసన్ బృందమే కొలిచి చూసింది. టైపులున్న, లేని మాడ్యూల్స్ కలిసినప్పుడు కొన్ని ప్రోగ్రాములు 100 రెట్లకు పైగా నెమ్మదించాయి. తమ భాష లోపాన్ని తామే బయటపెట్టడం నాకు చాలా నచ్చింది.

ఎర్రర్ అర్థం కాలేదని టైపులు తీసేస్తే మెసేజ్ పోతుంది, తప్పు మాత్రం పోదు. రేపు వాడేవాళ్ల దగ్గర బయటపడుతుంది. ముందు విప్పి చూడండి, తర్వాతే మార్చండి. వచ్చే ఎపిసోడ్‌లో టైప్‌స్క్రిప్ట్ ఈ కాపలా ఎందుకు వద్దనుకుందో మాట్లాడుకుందాం. ఉంటాను మరి!